ఇంజను విషమజ్వరము

ఎల్లప్పుడును కనబడు లోపమును సరిచేయుట అంత కష్టమైన పని కాదు. విరిగిన ఇరుసును చూచి విరిగినదని ఎవరైనను చెప్పగలరు. ఒకప్పుడు కనబడి, మరొకప్పుడు మాయమగు లోపము కలదే, అదియే మనిషి బుద్ధికి పరీక్ష. రోజు విడిచి రోజు వచ్చు చలిజ్వరమును మన ప్రాచీన వైద్యులు విషమజ్వరమని పిలిచిరి. జ్వరము లేని దినమున రోగి లేచి తిరుగును, అన్నము తినును. నాడి పట్టి చూచిన వైద్యునికి దోషమేమియు తోచదు. మరునాడు అదే వేళకు వణకు మొదలగును. పాత మోటారు కార్లకు, అందును పాత స్పోర్ట్సు కార్లకు, సరిగా ఇట్టి జ్వరమే ఒకటి వచ్చుచుండును.

ఉదయమున బండి చక్కగా కదలును. పదిహేను ఇరువది కిలోమీటర్లు హాయిగా పరుగెత్తును. అంతలో ఇంజనులోని సత్తువ ఎవరో లాగివేసినట్లు తగ్గిపోవును. కాలితో ఎంత తొక్కినను వేగము పుట్టదు. రోడ్డు ప్రక్కన వేపచెట్టు క్రింద అరగంట నిలిపినచో ఏమియు ఎరుగనట్లు మరల పరుగెత్తును. షెడ్డుకు తీసికొనిపోయిన దినమున మాత్రము లోపము కనబడదు. గుంటూరు నుండి ప్రత్తిపాడు మీదుగా పర్చూరు పోవు రోడ్డుమీద ప్రత్తి బోరెములతోను, మిరప టిక్కీలతోను నిండిన లారీని దాటబోవు క్షణమున ఈ జ్వరము వచ్చెనా, అది కేవలము చికాకు కాదు, ప్రాణముతో చెలగాటము. కావున దీనిని సరదాకై పాతకార్లు పెంచువారి గొడవయని త్రోసివేయరాదు.

స్పోర్ట్సు కారనగానే అది మన ఊరి వస్తువు కాదని కొందరు తలతురు. కాని బంధుత్వము కొంత కలదు. 1961లో మద్రాసునందలి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అను సంస్థ స్టాండర్డ్ హెరాల్డ్ కారును తయారుచేయ నారంభించెను. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరిట 1959లో వెలువడిన హెరాల్డే దీనికి మూలము. ఆ హెరాల్డు చట్రమునే కురుచచేసి, దానిపై 1962లో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును నిర్మించిరి. రెంటికిని రూపము దిద్దినవాడు ఇటలీ దేశీయుడైన మికెలొట్టి. అనగా, మన తాతల కాలమున డాక్టర్లును, ప్లీడర్లును ఎక్కి తిరిగిన హెరాల్డును, విదేశపు కుర్రవాండ్రు మోజుపడిన స్పిట్‌ఫైరును ఒక ఇంటి బిడ్డలే. ఒకదాని రోగము రెండవదానికిని వచ్చును. ఒకదాని వైద్యము రెండవదానికిని చెల్లును.

ఇట్టి బండి షెడ్డుకు వచ్చినపుడు సాధారణముగ జరుగునదేమి? మొదట ప్లగ్గులు మార్తురు. రెండు దినములు బండి బాగుగా నడచును. మూడవనాడు తిరుగబెట్టును. అప్పుడు కాయిలు మార్తురు. మరి నాలుగు దినములు గడచును. పిమ్మట పెట్రోలు పంపు, ఆ పిమ్మట కార్బురేటరు. యజమాని సంచి ఖాళీ యగును. పాత సామానులతో షెడ్డు మూల నిండును. జ్వరము మాత్రము వచ్చిపోవుచునే యుండును. ఇందులో మెకానిక్కు మోసమేమియు లేకపోవచ్చును. ప్రతిసారియు తన మందు పనిచేసినదనియే అతడు నిజముగ నమ్మును.

ఆ నమ్మికలోనే చిక్కున్నది. నిత్యముండు లోపమునకు మందు వేసినచో, అది పనిచేసినదో లేదో వెంటనే తెలియును. వచ్చిపోవు లోపమునకు ఏ మందు వేసినను గుణమిచ్చినట్లే తోచును; ఏలయన ఆ లోపము తనంతట తానే పోవునది. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగినవని, కాకి బరువునకే పండు రాలినదనుట తర్కము కాదు. దీనినే మన పెద్దలు కాకతాళీయమనిరి. రెండు దినముల కొకమారు కనబడు లోపము, భాగము మార్చిన పిదప ఒక దినము కనబడకపోవుట సాక్ష్యము కానేరదు. పదిదినములు, అదే ఎండలో, అదే రోడ్డుమీద, అంతే వేగముతో నడపి చూచినను కనబడనిచో అప్పుడు కొంత నమ్మవచ్చును. అంతకంటె గట్టి రుజువు మరొకటి కలదు: తీసివేసిన పాత భాగమును తిరిగి బిగించినపుడు లోపము తిరిగి రావలయును. ఉన్నచోట ఉండుట అన్వయము, లేనిచోట లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరిననాడే కారణము దొరికినట్లు. తర్కపాఠములలో పొగను నిప్పును ఉదాహరించి చెప్పు ఈ మాట, నిప్పురవ్వతోనే బ్రతుకు ఇంజనుకు ఇంకను బాగుగా వర్తించును.

మాధవ నిదానమున రోగమును తెలిసికొనుటకు ఐదు మార్గములు చెప్పబడినవి: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. ఈ ఐదింటిని వరుసగా పాటించినచో పాతకారు వైద్యము సగము ముగిసినట్లే.

నిదానమనగా రోగమునకు హేతువైన ఆహార విహారములు. బండి ఎంతకాలము కదలక నిలిచియున్నది? జ్వరము మొదలగుటకు ముందు దానిమీద ఏ పని జరిగినది? ఏ భాగము క్రొత్తగా వేసిరి? ఈ ప్రశ్నలకు జవాబు యజమానియొద్దనే యుండును; కాని అడుగువారు తక్కువ. ఉదాహరణకు, పాత బండ్లలో 12 వోల్టులకు నేరుగా పనిచేయు కాయిలుకు సుమారు 3 ఓముల నిరోధముండును. మధ్యలో వేరొక నిరోధకముతో పనిచేయవలసిన కాయిలుకు అందులో సగమే యుండును. ఆ నిరోధకము లేని బండికి ఈ రెండవ కాయిలును బిగించినచో, పొద్దున బాగుగానే పనిచేసి, కరెంటు ఎక్కువగా లాగి, వేడెక్కి, మధ్యదారిలో చతికిలబడును. క్రొత్త సామాను వేసితిమి గనుక దోషము అక్కడ లేదని మెకానిక్కు మరియొక చోట వెదకుచుండును. దోషము ఆ క్రొత్త సామానులోనే యున్నది.

పూర్వరూపము, రూపము అను రెంటిని పరిశీలించువాడు బండిని నడుపువాడే కావలయును. పెట్రోలు అందక బలము తగ్గినపుడు ఇంజను క్రమముగ నీరసించును; దగ్గును, జర్కులిచ్చును, కార్బురేటరు నుండి టప్పున వెనుకకు కొట్టును. నిప్పురవ్వ తెగిపోయినపుడు దీపమార్పినట్లు ఒక్కసారిగ బలము పోవును. ఇంజను చుట్లను చూపు ముల్లు రవ్వ సర్క్యూటు నుండియే నడచు బండ్లలో, చక్రములు ఇంజనును త్రిప్పుచున్నను ఆ ముల్లు సున్నకు పడిపోయినచో నేరము రవ్వదే యని చాలవరకు చెప్పవచ్చును. ఆగిన వెంటనే ఒక ప్లగ్గును విప్పి చూచిన, తెల్లబారిన మొగము పెట్రోలు కొరతను, మసిబారిన మొగము పెట్రోలు అధికమగుటను తెలుపును. ఇంటికి తీసికొనివచ్చి, మరునాడు విప్పిచూచిన ప్లగ్గు నిన్నటి మాట చెప్పదు.

ఉపశయమనగా ఏది చేసినచో ఉపశమించుచున్నదో చూచి రోగమును గుర్తించుట. ఐదింటిలో ఇది మిక్కిలి విలువైనది. మన డ్రైవర్లకు అలవాటైనది కూడ. టాంకు మూత విప్పినపుడు బుస్సుమని గాలి లోనికి పోయి, వెంటనే బండి బాగుపడినచో, మూతకు గాలి ఆడు రంధ్రము పూడినదని తెలియును. పెట్రోలు ఖర్చగుకొలది లోపల శూన్యమేర్పడి పంపు లాగలేకపోయినది. ప్రత్తిపాడు ప్రాంతపు మిరప చేలలో తైవాన్ స్ప్రేయరు భుజమున వేసికొని మందు కొట్టు రైతుకు ఈ విద్య ఎవరును నేర్పనక్కరలేదు. స్ప్రేయరు చచ్చుబడినపుడు మూత వదులుచేసి చూచుట అతడెరుగును. చోకును కొంచెము లాగగానే బలము తిరిగివచ్చినచో మిశ్రమము పలుచనగుచున్నదని అర్థము: ఫిల్టరులో తుప్పు చేరియుండవచ్చును, టాంకులోని చెత్త పెట్రోలు లాగు గొట్టపు నోటిని మూయుచుండవచ్చును, లేక బీటలు వారిన రబ్బరు గొట్టము గాలిని పీల్చుచుండవచ్చును. స్పిట్‌ఫైరువంటి బండ్లలోని ఎస్‌.యు. కార్బురేటర్లకు మరొక విశేషము కలదు. వాని నెత్తిమీది గొట్టములో నూనె ఎండిపోయినచో, తొక్కిన క్షణమున లోని పిస్టను అదుపులేక పైకెగసి మిశ్రమము పలుచబడును. అన్ని భాగములు మార్చినను పోని దోషము అప్పుడు గరిటెడు నూనెతో పోవును.

వేసవిలో అంబాసిడరు, ఫియటు కార్లు నడపినవారు పెట్రోలు పంపుమీద తడిగుడ్డ కప్పుట పెద్దలకు జ్ఞాపకముండును. ఇంజనుకే బిగించిన ఆ పంపు వేడెక్కి, అందులోని పెట్రోలు ఆవిరిగ మారి, పంపు ద్రవమునకు బదులు ఆవిరిని నమలుచుండును. పెట్రోలు ఒకే ద్రవము కాదు. అందులోని తేలిక భాగములు 40 డిగ్రీలకు లోపుననే మరగ మొదలిడును. లాగు గొట్టములో ఒత్తిడి తక్కువగుటచే మరుగుట ఇంకను సులభము. 45 డిగ్రీల ఎండ కాయు గుంటూరు మండలమున ఇది వింత కాదు. అయితే ఆ తడిగుడ్డ మందు మాత్రమే కాదు, పరీక్ష కూడ. పంపును మాత్రమే చల్లార్చినపుడు బండి లేచినచో ఆవిరి చిక్కని తేలును. చెట్టుక్రింద అరగంట నిలుపుట అట్టి పరీక్ష కాదు. ఏలయన ఆ విశ్రాంతిలో పంపును చల్లారును, కాయిలును చల్లారును, కండెన్సరును చల్లారును. ముగ్గురు ముద్దాయిలను ఒక్కసారి విడిచిపెట్టి, దొంగ ఎవరని అడిగినట్లుండును.

ఇక సంప్రాప్తి. హేతువు నుండి రోగము ఏయే మెట్లమీదుగా పుట్టినదో గొలుసుగ చెప్పగలుగుట ఇది. గాలి ఫిల్టరునకు ప్రత్తినూగు, రేగడిధూళి పట్టి బలము తగ్గినదని మన వైపున మొదట చెప్పు మాట. నూగు పట్టుట నిజమే కావచ్చును. కాని ఆ నూగు ఉదయమునను అక్కడనే యున్నది, చెట్టుక్రింద ఆగిన పిదపను అక్కడనే యున్నది. నిత్యముండు కారణము వచ్చిపోవు కార్యమును ఎట్లు పుట్టించును? ఫిల్టరును శుభ్రము చేయవలసినదే. కాని జ్వరమునకు కారణము అది కాదు. డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్ల పలకకు పోవు చిన్న తీగ సంగతి వేరు. పైతొడుగు చెక్కుచెదరక లోని రాగిపోగులు తెగియుండును. పలక ఒక వైపు తిరిగినపుడు పోగులు తగులును, మరొక వైపు తిరిగినపుడు విడిపోవును. తొక్కుటను బట్టి ఆ పలక కదలును గనుక, కొన్ని వేగములయందే దోషము కనబడును. ఇది గొలుసు తెగని వివరణము. ఇట్టి వివరణము దొరకువరకు రెంచి పట్టకుండుట మెకానిక్కుకు గౌరవము.

ఈ కాలమున మరొక క్రొత్త హేతువు చేరినది. 2022లో మన దేశపు పెట్రోలులో ఇథనాలు 10 శాతమునకు చేరెను; 2023 ఫిబ్రవరిలో 20 శాతపు పెట్రోలును విడుదల చేసిరి; 2025 నాటికి దేశమంతట ఆ 20 శాతపు లక్ష్యము నెరవేరెను. చెరకు, ధాన్యము పండించు రైతునకు, విదేశీ చమురునకై వెచ్చించు ధనమునకు దీనివలన మేలున్నదని చెప్పుదురు. ఆ చర్చ వేరు. పాతకార్ల మాట చెప్పవలసివచ్చినచో, వాని కార్బురేటర్లు, రబ్బరు గొట్టములు, పంపు పొరలు ఈ ద్రవమునకై చేసినవి కావు. ఇథనాలు తనలోనే ప్రాణవాయువును ధరించి యుండుటచే పాత కొలతల కార్బురేటరులో మిశ్రమము పలుచబడును. అది నీటిని ఆకర్షించును. నెలల తరబడి నిలిచిన టాంకులో ఆ నీరు అడుగున చేరును. ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని వదల్చి ఫిల్టరుకు పంపును. పాత రబ్బరును ఉబ్బించి మెత్తపరచును. కాబట్టి ఇరువదియేండ్ల క్రిందటి అనుభవముతో మాత్రమే నేటి జ్వరమును నిర్ణయింపరాదు. గొట్టములను ఇథనాలును తట్టుకొనువానితో మార్చుట, ఫిల్టరును పలుమారు చూచుట, నిలువయుంచు బండి టాంకును పట్టించుకొనుట నేడు తప్పనిసరి.

ఇందుకు రెండు ఆక్షేపణలు రావచ్చును. ఇప్పటి కార్లలో కంప్యూటరున్నది. తీగ తగిలించినచో దోషము పేరు అదే చెప్పును. ఈ పాతపురాణమెందుకని మొదటిది. కంప్యూటరు చెప్పునది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. మిశ్రమము పలుచనైనదని అది వ్రాసినచో, పలుచనగుటకు కారణము పంపా, గొట్టమా, కొలత తీయు పరికరమా యని తేల్చవలసినది మనుష్యుడే. వేడెక్కినపుడు మాత్రమే తెగిపోవు సెన్సారు, వేడెక్కినపుడు మాత్రమే తెగిపోవు పాత కండెన్సరునకు మనుమడే. వేషము మారినది, జ్వరము మారలేదు.

రెండవ ఆక్షేపణ గట్టిది. ఇంత ఆలోచనకు కూలి ఎవరిత్తురు? సామాను మార్చినచో బిల్లు పుట్టును. మూడు గంటలు బండిలో కూర్చుండి, నడపి, విని, చివరకు అర్ధరూపాయి తీగను అతికిన మెకానిక్కు నోరు తెరచి అయిదువందలడిగినచో యజమాని తగవుపడును. డాక్టరు నాడి చూచి మందక్కరలేదని పంపినను ఫీజు ఇచ్చుచున్నాము గదా! షెడ్డులో మాత్రము చేతి పనికే ధర, బుద్ధి పనికి ధర లేదనుట ఏమి న్యాయము? భాగములు మార్చి చూచు అలవాటు మెకానిక్కులలో పుట్టినది కాదు. మనము ఇచ్చు కూలి పద్ధతి దానిని పెంచినది. యజమానులు రోగనిర్ణయమునకు విడిగ రుసుము ఇచ్చుట మొదలిడినచో, మార్చిన భాగముల ఖర్చులో అది ఎన్నో వంతైన కాదు.

యజమానులు చేయవలసినది మరొకటి కూడ కలదు. బండిలో ఒక చిన్న పుస్తకముంచి, జ్వరము వచ్చిన ప్రతిసారియు వేళ, ఎండ, నడచిన దూరము, టాంకులో పెట్రోలు మట్టము, ఏమి చేయగా తగ్గినది వ్రాసికొనవలయును. చలిజ్వరపు రహస్యము అట్టి ఓపికతోనే విడిపోయెను. జ్వరము వచ్చు వేళకును రక్తకణములు పగులు వేళకును గల సంబంధమును 19వ శతాబ్దపు చివర ఇటలీలో గాల్జీ కనిపెట్టెను. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడను చూచెను. లెక్కలేనన్ని దోమలను కోసి ఓడిపోయిన పిదప, తగిన జాతి దోమను, తగిన దినమున పరీక్షించుట వలన ఆ విజయము దక్కెను. వచ్చిపోవు రోగమును, అది ఉన్న వేళనే, ఉన్న చోటనే పట్టవలయును.

ఇక తెలుగు భాషాభిమానులకు ఇందులో పని లేదనుకొనరాదు. మన షెడ్డులలో ఈ జ్ఞానమంతయు తెలుగులోనే నడచుచున్నది. ఇంజను మిస్సింగు కొట్టుచున్నదనియు, పికప్పు లేదనియు, గాలి పట్టినదనియు చెప్పుకొను మాటలు ఇంగ్లీషు తునుకలతో అతికినవైనను, తెలుగు వాక్యములోనే బ్రతుకుచున్నవి. ఒక్కొక మాట వెనుక ఒక్కొక లక్షణముల రాశి యున్నది. కాని అది కాగితమెక్కలేదు. విజయవాడ ఆటోనగరులో నలుబదియేండ్లు పనిచేసిన మేస్త్రి కన్నుమూసిననాడు, ఏ చప్పుడునకు ఏ రోగమో చెప్పగల ఒక గ్రంథము చితిలో కాలినట్లే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రచురించి, రైతు నోటిమాట నిఘంటువుకు తగునని చాటెను. 1971లో చేనేత పదములకును ఆ గౌరవము దక్కెను. అట్టి శ్రద్ధయే మోటారు షెడ్డు మాటలకును కావలయును. పదములను చేర్చుట మాత్రము చాలదు. ఏ లక్షణమునకు ఏ పరీక్ష, ఏ పరీక్షకు ఏ నిర్ణయమని మేస్త్రుల నోట విని, తేటతెలుగున వ్రాయవలయును. ఐ.టి.ఐ.లో చేరు పల్లెటూరి కుర్రవాడు ఇంగ్లీషు పుస్తకమును బట్టీపట్టి పరీక్ష నెగ్గి, షెడ్డులోనికి వచ్చి మరల మొదటినుండి చూచి నేర్చుకొనవలసి వచ్చుట ఆ పిల్లవాని లోపము కాదు.

అట్టి పుస్తకము వచ్చినచో అందు మొదటి అధ్యాయమునకు సామానుల పట్టిక తగదు. బండి యజమానిని ఏమేమి అడుగవలయునో ఆ ప్రశ్నలే ముందుండవలయును. రెండవ అధ్యాయమున, ఒకసారికి ఒక్క మార్పే చేయవలయునను నియమము. సామాను విప్పుట మూడవ అధ్యాయమునకు వచ్చినను ఆలస్యము కాదు.